పేజీ లోపలి కుట్లు

"మీ ఆఫీసువాడెవడో మన ఆడవాళ్ళ కొలతలన్నీ తీసుకెళ్ళి వాడి బెడ్డు మీద పెట్టుకున్నాడట, నీకు తెలుసా అబ్బాయ్?"

ఫోనులో మా చెల్లెలి అత్తగారు. ఆవిడకు చెవుడు. తనకు వినిపించనిది లోకానికీ వినిపించదని ఆవిడ గట్టి నమ్మకం. అందుచేత ఫోను నా చెవి దగ్గరున్నా మాట ఆఫీసంతా విన్నది. కాఫీ మిషను దగ్గర నిలబడ్డ ఇద్దరు కప్పులు దించి నన్ను ఎగాదిగా చూశారు.

"ఎవరి బెడ్డు అత్తయ్యగారూ?"

"వాడిదే! వాడే ఫోన్ చేసి చెప్పాడు, సిగ్గూ శరం లేకుండా. 'మీ కస్టమర్ల వివరాలన్నీ మా బెడ్డు మీద వేశాం, ఇక ఎంతమంది వచ్చినా పని చకచకా అయిపోతుంది' అన్నాడు. నా చెవులతో నేను విన్నాను."

వచ్చిన చిక్కంతా ఆ చెవులతోనే. కానీ ఆ మాట పైకి అంటే ఇంకేం వినాల్సి వస్తుందోనని, "కనుక్కుంటాను, మీరు ఎవరికీ చెప్పకండి" అన్నాను.

"చెప్పకుండా ఎలా ఉంటాను? పార్లర్ ఆవిడకి చెప్పేశా, బ్యాంకు అమ్మాయికి చెప్పేశా. వాళ్ళ కొలతలు కూడా ఉన్నాయిగా అందులో!"

మా చెల్లెలు దర్జీ. దర్జాగా బతికేవాళ్ళనే దర్జీలంటారని నేను చిన్నప్పటినుంచీ జోకు వేస్తున్నాను, అది చిన్నప్పటినుంచీ నవ్వడం లేదు. కొట్టులో ముందుగది, వెనకగది. ముందుగదిలో కుట్టుమిషన్లు, గుండీల డబ్బాలు, గుండీలు కుట్టే అత్తగారు. ఫోనెత్తే ఉద్యోగం ఆవిడకు ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది. నేను వెబ్‌సైట్లు కట్టే కంపెనీలో మాటల మేస్త్రిని. మిగతావాళ్ళు కోడు రాస్తే నేను 'ఇక్కడ నొక్కండి' అని రాస్తాను. చెల్లెలి కొట్టుకు సైటు కట్టిద్దామని మా ఓనరుకు చెప్పింది నేనే. ఇప్పుడేమో సైటు కట్టమని పెట్టినవాడు సైటు కొడుతున్నాడని ఫిర్యాదు!

వాడి అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. అందరికీ వాడు షార్ట్‌కట్. వాడి బల్ల దగ్గరికి వెళ్ళేముందు నేను ఊపిరి బిగబడతాను. అడుగున బూజు పట్టిన కప్పులు, కీబోర్డు సందుల్లో బిస్కెట్టు పొడి, మౌసు పక్కన కొరికి ఊసిన గోళ్ళు. ఆ గోళ్ళను వాడు ఊడవడు, పనిమనిషినీ ఊడవనివ్వడు, వైర్లు కదులుతాయట.

"కొట్టుకు ఫోన్ చేసి ఏం వాగావయ్యా?"

"సైటు లైవ్ అయిందని చెప్పా గురూ. మొత్తం డేటా పేజీలోనే ఎంబెడ్ చేశాం, ఇక ఎంతమంది వచ్చినా స్పీడే స్పీడు అన్నా."

ఎంబెడ్! అత్తగారి చెవి దాకా వచ్చేసరికి అది 'మా బెడ్' అయింది. నేను కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాను. వాడూ నవ్వాడు. మేమిద్దరం ఏ తేడా లేకుండా కలిసి నవ్వుకున్నది అదే ఆఖరు అని అప్పుడు నాకు తెలియదు. ఎందుకంటే వాడు వెంటనే, "చూస్తావా, ఎంత నీట్‌గా పెట్టానో?" అన్నాడు.

మేం కట్టమన్నది చిన్న పేజీ. కస్టమరు తన ఫోను నంబరు కొడితే బట్టలు తయారయ్యాయో లేదో కనిపించాలి. అంతే. అందుకు సర్వర్ని అడగాలి, సర్వరు ఆ ఒక్కరి సంగతి చెప్పాలి. సర్వరంటే మా ఆఫీసులో ఆ వివరాలన్నీ దాచుకుని, అడిగినవాళ్ళకు అందించే కంప్యూటరు. ప్రతిసారీ దాన్ని అడగడం షార్ట్‌కట్‌కు విసుగు. అందుకని పేజీ తయారయ్యేటప్పుడే కొట్టు కస్టమర్లందరి వివరాలనూ ఆ పేజీ కడుపులో కుక్కేశాడు. కస్టమరు నంబరు కొట్టగానే, పేజీతో పాటు ఫోనులోకి దిగిన చిన్న స్క్రిప్టు ఆ కుప్పలో వెతికి, ఆ ఒక్క వరసను పైకి తీసి చూపిస్తుంది.

"అంటే కొట్టుకొచ్చే ప్రతి మనిషి సంగతీ ప్రతి మనిషి ఫోనులోకీ వెళ్తోందా?"

"వెళ్తుంది గానీ కనపడదుగా."

"తిరగేసి చూస్తే?"

"తిరగేయడమంటే, ఇదిగో ఇలా కుడి బటన్ నొక్కి 'సోర్స్ చూడు' అంటే వస్తుంది. కానీ ఎవడు నొక్కుతాడు గురూ? దర్జీ కొట్టు పేజీ!"

నొక్కి చూపించాడు. జాకెట్టును తిరగేస్తే కుట్లు, తాళ్ళు, అతుకులు బయటపడ్డట్టు పేజీ బయటపడింది. పేజీకి ఒక్క బొత్తాం పెట్టమంటే వీడు మొత్తం పెట్టాడు. వరసలు వరసలు. పేరు, ఫోను నంబరు, చెప్పిన కొలత, అసలు కొలత, గమనిక.

ఈ రెండు కొలతల సంగతి చెప్పాలి. టేపు చుట్టి నడుము కొలిచినప్పుడు మా చెల్లెలు పైకి రెండంగుళాలు తగ్గించి చెబుతుంది. అద్దంలో ఆ ముఖం విచ్చుకుంటుంది. మనిషి వెళ్ళాక అసలు అంకెను కంప్యూటర్లో ఎక్కిస్తుంది, పక్కనే తాను చెప్పిన అంకెనూ ఎక్కిస్తుంది. వచ్చేసారి కూడా అదే అబద్ధం చెప్పాలి కదా! గమనికలో తనకోసం నాలుగు ముక్కలు రాసుకుంటుంది. అవి ఇప్పుడు నా కళ్ళముందున్నాయి. 'వీపు మీద మచ్చ, మెడ పైకి పెట్టాలి.' 'అద్దం ముందు నిలబెట్టొద్దు, ఏడుస్తుంది.' 'పొట్ట తగ్గిందని అనాలి.' కొట్టులో ఉన్నంతసేపు ఆ మాటలు మెత్తటి లైనింగు గుడ్డ. వీధిలో పడితే వెకిలి మాటలు.

కిందికి జరుపుతుంటే ఒక చోట మాత్రం గమనిక పేరాగ్రాఫంత ఉంది. అది పెద్ద టీచరమ్మది.

పెద్ద టీచరమ్మ అంటే పక్క వీధి బడికి హెడ్మిస్ట్రెస్. నిటారుగా నడుస్తుంది. ఆవిడ కోటు గుండీలు మెరవడం చూసి రోడ్డు అవతల పిల్లలు చొక్కాలు లోపలికి దోపుకుంటారు. ఆవిడ వరసలో మా చెల్లెలు ఇలా రాసుకుంది: 'ఆపరేషన్ అయ్యాక ఎడమవైపు లేదు. లోపల దూది మెత్తగా కుట్టాలి, బరువు కుడివైపుకి సమానంగా రావాలి. వెనకగదిలోనే కొలవాలి, గడియ పెట్టాలి. ఎవరికీ తెలియదు. అత్తయ్య ఉన్నప్పుడు ఈ మాట ఎత్తొద్దు.'

ఆవిడ ఎదురైతే ఇక నేను ఆవిడ ముఖం చూడలేను. చూడకూడనిది ఒకటి నా కళ్ళలోకి వచ్చి కూర్చుంది, లేచి పొమ్మంటే పోదు. ఆ తెర ముందు ఆ గోళ్ళు, ఆ బూజు కప్పులు, చప్పరిస్తున్న ఆ నోరు.

"ఇది తీసెయ్యి. ఇప్పుడే!"

"తీసేస్తే మళ్ళీ మొదటినుంచి రాయాలి గురూ. ఉండు, దాచేస్తా."

కీబోర్డు టకటకలాడింది. బిస్కెట్టు పొడి ఎగిరింది. "అయిపోయింది. రైట్ క్లిక్ ఆపేశాను. ఇక ఎవడూ తిరగేయలేడు."

నేను నా ఫోనులో పేజీ తెరిచి, అడ్రసు ముందు ఒక మాట చేర్చాను. అంతా మళ్ళీ వచ్చింది. ఆ చిట్కా నాకు నేర్పింది వాడే, కిందటి వేసవిలో.

"ఓహో, అదొకటుందిగా," అని గోరు కొరికాడు. "అయితే అక్షరాలన్నీ తలకిందులు చేసేస్తా. స్క్రిప్టు మళ్ళీ తిన్నగా చేసుకుంటుంది."

"తిన్నగా చేసే తాళంచెవి కూడా అదే పేజీలో పెడతావుగా?"

"మరెక్కడ పెడతాం?"

"ఇది దాచడం కాదురా, దోచిపెట్టడం!"

ఓనరు గదికి వెళ్ళాను. ఆయన గదిలో అత్తరు వాసన, దాని కింద తడి తివాచీ వాసన. అంతా విని, "పేజీ ఎంత ఫాస్టుగా వస్తోందో చూశారా మాస్టారూ?" అన్నాడు.

"చూశాను. మనుషుల ఒళ్ళు కూడా అంతే ఫాస్టుగా వస్తోంది."

"ఎవరైనా కంప్లయింట్ ఇచ్చారా? ఇవ్వలేదుగా. మీరు మాటలు చూసుకోండి, కోడులో వేలు పెట్టకండి."

ఆ తివాచీ మీద ఉమ్మేయాలనిపించింది. పెద్దవాణ్ణి గనక మింగాను. మెట్ల మీదికి వచ్చి చెల్లెలికి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఏంటీ బెడ్డు గోల? మా అత్తయ్య వీధంతా చాటింపు వేసింది," అని నవ్వుతోంది.

చెప్పాను. అవతల కుట్టుమిషను ఆగిపోయింది.

"పెద్ద టీచరమ్మదీ ఉందా?"

"ఉంది."

"ఎవరైనా చూశారా?"

"తెలియదే. తెలుసుకునే దారి లేదు. పేజీ ఎంతమంది ఫోన్లలోకి వెళ్ళిందో లెక్క ఉంటుంది గానీ, ఎవరు తిరగేశారో ఉండదు."

కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత అంది, "ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు ఊరవతల కొట్టుకు వెళ్దామనుకుందట. అక్కడ ఎవరికీ తెలియదుగా. మళ్ళీ ఏమనుకుందో నా దగ్గరికే వచ్చింది. ఇంకొకళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలన్నయ్యా. ఆవిడ మళ్ళీ నా కొట్టు గుమ్మం తొక్కకపోయినా సరే. ముందు ఆ పేజీ పీకించు."

"నా మాట వినడం లేదు."

"డబ్బిచ్చేది నేను. నంబరివ్వు."

అది ఓనరుతో ఏమందో నాకు తెలియదు. కాసేపటికి పేజీ తీసేశారు. ఓనరు గదిలోంచి బయటికొచ్చి, షార్ట్‌కట్‌ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళి క్షమాపణ చెప్పి రమ్మని నాతో అన్నాడు. కొట్టు పని చేజారిపోకుండా ఉండడానికి ఆ క్షమాపణ. దారిపొడవునా షార్ట్‌కట్, "చిన్న విషయాన్ని లాగుతున్నారు గురూ" అని లాగుతూనే ఉన్నాడు.

కొట్టు ముందుగది నిండిపోయి ఉంది. బెడ్డు కబురు అందిన ఆడవాళ్ళంతా బడి, బ్యాంకు వదిలే వేళకు అక్కడికే చేరారు. పార్లర్ ఆవిడ చేతిలో బరువైన గొడుగు ఉంది, వానేమీ లేదు.

"వీడేనా?" అంది గొడుగు సవరించుకుంటూ.

"వీడే! గొంతు గుర్తుపట్టాను," అన్నారు అత్తగారు, వాడు ఇంకా నోరు విప్పకుండానే.

సరిగ్గా అప్పుడే పెద్ద టీచరమ్మ కోటు తీసుకోవడానికి వచ్చింది. మా చెల్లెలి చేతిలో టేపు బిగుసుకుంది. ఒంటరిగా చెప్పాలనుకున్నది ఇక కుదరదు. "అమ్మా, మీరోసారి వెనకగదిలోకి..." అనబోయింది.

"ఏం జరుగుతోంది ఇక్కడ?" అంది టీచరమ్మ. బడిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఎవరూ తప్పించుకోలేదు. బ్యాంకు అమ్మాయి చెప్పేసింది. "వీళ్ళ ఆఫీసువాళ్ళు మన కొలతలన్నీ ఏదో చేశారట మేడమ్!"

మా చెల్లెలు నా వైపు చూసింది. ఇక నేనే అందుకున్నాను. పేజీలో ఏం పెట్టారో, పైకి ఏం కనిపిస్తుందో, తిరగేస్తే ఏం కనిపిస్తుందో చెప్పాను. ఒకరి సంగతి కూడా ఎత్తలేదు. నా జీవితంలో శ్లేష లేకుండా అంతసేపు మాట్లాడింది అదే. గదిలో ఒక్కొక్కరి చెయ్యీ తెలియకుండానే ఒక్కొక్క చోటికి పోయింది. ఒకావిడ మెడ సర్దుకుంది. ఇంకొకావిడ సంచీని పొట్ట మీదికి జరుపుకుంది.

"నాదీ ఉందా?" అంది టీచరమ్మ.

"ఉందమ్మా," అంది మా చెల్లెలు. తల దించుకోలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి. "నేను మీకు చెబుదామనే..."

ఓదార్చడం తన బాధ్యత అనుకున్నాడో ఏమో, షార్ట్‌కట్ ముందుకొచ్చాడు.

"మీదా మేడమ్? ఓ, మీది నాకు కంఠతా వచ్చు! అన్నిటికన్నా పొడుగు రిమార్కు మీదే. టెస్టింగంతా మీదాంతోనే చేశా. అంత పొడుగుది పేజీలో పట్టిందంటే మిగతావన్నీ పట్టేస్తాయిగా. వేరే కంపెనీలకి డెమో కూడా మీదాంతోనే ఇచ్చాం. అందరికీ బాగా నచ్చింది."

నచ్చిందట!

నేను ఆ ముఖం చూశాను. అందులో దురుద్దేశం వెతికాను. ఉంటే బాగుండేది, కొట్టడానికి ఒక చోటు దొరికేది. ఏమీ లేదు. వాడికి అదొక పొడుగాటి వరస, అంతే. ఆ వరస పట్టుకుని వాడు ఊరంతా తిరిగాడు, పెట్టెలో ఎన్ని పడతాయో చూడడానికి. వాడి పెదవి మీద గోరు ముక్క ఒకటి అంటుకుని ఉంది.

పార్లర్ ఆవిడ గొడుగు పైకి లేచింది. టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం బాబూ, నా సంగతి వీళ్ళు కూడా తెలుసుకోవాలంటే రైట్ క్లిక్ చెయ్యాలా?"

"లేదు మేడమ్, రైట్ క్లిక్ ఆపేశాను," అన్నాడు వాడు, నిజాయితీగా.

"అక్కర్లేదులే. నేనే చెప్తాను." గది వైపు తిరిగింది. క్లాసులో పాఠం చెప్పే గొంతే, కొంచెం సన్నగా. "నాకు ఆపరేషన్ అయింది. ఎడమవైపు తీసేశారు. ఈ అమ్మాయి నాకు లోపల దూది పెట్టి కుడుతోంది. ఇంతే, అన్నిటికన్నా పొడుగు రిమార్కు."

మిషను మీద పెట్టిన గుడ్డ జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"ఇది ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నేను ఇంకా అనుకోలేదు," అంది వాడితో. "మా చెల్లికి కూడా చెప్పలేదు. ముందు దానికి చెప్పేదాన్ని. ఇప్పుడు అది ఈ వీధి తర్వాత వింటుంది. నీకర్థమవుతోందా?"

వాడు తల ఊపాడు. వాడికి అర్థం కాలేదు. అర్థం కాలేదని నాకు అర్థమైంది.

ఆవిడ మా చెల్లెలి వైపు తిరిగింది. "గడియ పెట్టాలని కూడా రాశావా?"

"రాశానమ్మా."

"ఊ." కోటు అందుకుని భుజాల మీద వేసుకుంది, అద్దం చూడకుండానే విప్పేసింది. "భుజం దగ్గర ఇంకా లాగుతోంది. మళ్ళీ కొలువు."

మా చెల్లెలు చెంపలు తుడుచుకుని ఆవిడ వెనకాలే వెళ్ళింది. వెనకగది తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు ముందుగదిలో అందరికీ వినిపించింది, ఒక్కరికి తప్ప.

"ఏమంటోంది ఆవిడ?" అన్నారు అత్తగారు, చేతిలో గుండీ అలాగే పట్టుకుని. "అంతసేపు ఏం చెప్పింది? అందరూ అలా అయిపోయారేం?"

పార్లర్ ఆవిడ నన్ను చూసింది. బ్యాంకు అమ్మాయి గోడను చూసింది.

"కోటు భుజం దగ్గర లాగుతోందట అత్తయ్యగారూ," అన్నాను గట్టిగా.

"అంతేనా?"

"అంతే," అంది పార్లర్ ఆవిడ నాకన్నా గట్టిగా. "అంతే పిన్నిగారూ," అంది బ్యాంకు అమ్మాయి.

"మరి బెడ్డు సంగతి తేలిందా లేదా?"

ఇక తప్పలేదు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, వీధి చివర దాకా వినిపించేట్టు అరిచాను. "బెడ్డు లేదండీ! వీడు ఫోనులో 'ఎంబెడ్' అన్నాడు! మీకు 'మా బెడ్' అని వినిపించింది! ఎంబెడ్ అంటే, కనపడకూడని సంగతులన్నీ పేజీ లోపల పెట్టి కుట్టేయడం! ఆ పేజీని వీధిలో ఎవరైనా తీసుకుని తిరగేసి చూసుకోవచ్చు! అంతే తప్ప, ఎవరి కొలతలూ ఏ బెడ్డు మీదా పెట్టలేదు!"

ఇంకోరోజైతే గది పగలబడి నవ్వేది. అందరికీ అర్థమైంది, ఎవరూ నవ్వలేదు. షార్ట్‌కట్ ఒక్కడే 'హి' అని మొదలుపెట్టి, గొడుగు చూసి మానేశాడు.

అత్తగారు గుండీని డబ్బాలో పడేసి, వాణ్ణి కింది నుంచి పైదాకా చూశారు.

"ఛీ! బెడ్డే నయం కదరా," అన్నారు. "ఆ గదికి తలుపైనా ఉంటుంది."